పాట నేర్పే పెట్టెకి ముందు చెవులుండాలి

"మావాడికి సంగీతం అలవాటు చేద్దామనుకుంటున్నాం, మంచి యాప్ ఏదన్నా ఉంటే చెప్పు" అని అడిగేవాళ్ళు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. నేను సాఫ్టువేరు రాసి బతికేవాణ్ణి, పైగా సాయంత్రంపూట నాలుగు కీర్తనలు వింటూ ఉంటాను. ఈ రెండూ కలిసే చోట నాకేదో తెలిసే ఉంటుందని వాళ్ళ నమ్మకం. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పే బదులు అంతా ఒకచోట రాసి పెడితే ఓ పనైపోతుంది కదా అనిపించింది.

తొందరలో ఉన్నవాళ్ళ కోసం జవాబు ముందే చెప్పేస్తాను. ఏ యాప్ అయినా సరే, పిల్లల చేతికి ఇచ్చేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇందులో శబ్దం చేసేది ఎవరు? పిల్లా, పెట్టా? పిల్ల బొత్తాం నొక్కడం, పెట్టె పాడటం మాత్రమే ఉంటే అది ఆట. మంచి ఆటే కావచ్చు, కాదనను. కానీ దాంతో సంగీతం మొదలైందనుకుని ఊరుకోకండి. పిల్ల పాడుతుంటే పెట్టె వినాలి. ఇదే నేను చెప్పదల్చుకున్నది. మిగతాదంతా ఎందుకలా అంటున్నానో చెప్పే సోది. ఓపికుంటే చదవండి.

గడుల సంగీతం

పిల్లల సంగీతం సాఫ్టువేరు ఏది తెరిచినా అందులో పియానో మెట్లే ఎందుకు కనిపిస్తాయో ఎప్పుడన్నా ఆలోచించారా? దానికి కారణం మా వృత్తిలోనే ఉంది. రకరకాల కంపెనీల ఎలక్ట్రానిక్ వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలని 1983లో మిడి అనే ఒప్పందం పెట్టుకున్నారు. అందులో స్వరం అంటే ఒక అంకె. 0 నుంచి 127 దాకా ఉంటాయి, పియానో నడిమధ్య మెట్టు 60. "60 నొక్కారు", "60 వదిలేశారు", "ఇంత గట్టిగా నొక్కారు" - ప్రధానంగా అవే కబుర్లు. పియానోకి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. స్వరాన్ని అటూ ఇటూ వంచే సదుపాయం కూడా మిడిలో ఉంది గానీ, అది తర్వాత అతికించుకునే సరుకు. పునాది మాత్రం మెట్టే.

ప్రోగ్రాం రాసేవాడికి ఇంతకంటే సుఖం ఏముంటుంది? స్వరం ఒక పూర్ణాంకం, కాలం ఒక పూర్ణాంకం. రెండూ కలిపితే ఒక గళ్ళ కాయితం. 2007లో ఎమ్మైటీ వాళ్ళు పిల్లల కోసం విడుదల చేసిన స్క్రాచ్‌లోనూ స్వరం అంకే. 2000లో మొదలైన జీకాంప్రీలోనూ పియానో మెట్లే. 2023లో సంగీతం పాఠాలు మొదలుపెట్టిన డుయోలింగోలోనూ ఫోను తెర మీద మెట్లే. వీళ్ళెవరికీ మన సంగీతం మీద కోపం లేదు. ఎవరికి వాళ్ళు చేతికి సులువుగా అందినదాన్ని వాడుకున్నారు, అంతే. నేను రాసినా మొదటి వెర్షన్ అలాగే వస్తుంది.

వీటన్నిటిలోకీ నాకు బాగా నచ్చినది గూగుల్ వాళ్ళ క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్. 2016లో వచ్చింది. డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు, బ్రౌజరుంటే చాలు. 2018లో అందులో సాంగ్ మేకర్ అని ఒకటి చేర్చారు. రంగురంగుల గడులు. గడి మీద నొక్కితే స్వరం పలుకుతుంది. నాలుగేళ్ళ పిల్లకి కూడా రెండు నిమిషాల్లో అర్థమైపోతుంది. ఒక స్వరం పైన ఉందంటే ఏంటి, కింద ఉందంటే ఏంటి, ఇది ముందు వస్తుంది అది తర్వాత వస్తుంది - ఇవన్నీ కంటికి కనిపిస్తాయి. ఇది చిన్న లాభమేం కాదు.

మనవాళ్ళు దాంతో ఇంకో సరదా చెయ్యచ్చు. సెట్టింగుల్లోకెళ్ళి స్కేలు దగ్గర పెంటటోనిక్ ఎంచుకోండి. అప్పుడు మిగిలే అయిదు స్వరాలు మన మోహన రాగం స్వరాలే. మేజర్ అంటే శంకరాభరణం స్వరాలు. క్రొమాటిక్ అని పెట్టుకుంటే పన్నెండూ వస్తాయి, అందులోంచి మాయామాళవగౌళ ఏరుకోవచ్చు. స నుంచి ఒక మెట్టు ఎక్కితే రి, అక్కణ్ణుంచి మూడెక్కితే గ, ఇంకొకటెక్కితే మ. తర్వాత ప నుంచి మళ్ళీ అదే లెక్క: ఒకటి, మూడు, ఒకటి. పురందరదాసు పేరుతో మనకి వచ్చిన సరళీ స్వరాలు ఈ రాగంలోనే ఎందుకు చెబుతారో ఎవరి కారణాలు వాళ్ళు చెబుతారు గానీ, కింది సగం, పై సగం ఒకే కొలతలో ఉంటాయన్న సంగతి గడుల మీద చూపిస్తే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. నోటితో అరగంట చెప్పినా అంత బాగా అర్థం కాదు.

గడికీ గడికీ మధ్య

ఇహ చిక్కు ఎక్కడొస్తుందో చూద్దాం. పైన మోహన "స్వరాలు" అన్నాను, మోహన రాగం అనలేదు. ఆ అయిదు గడులనీ ఎన్ని రకాలుగా నొక్కినా, విన్నవాళ్ళు "ఆహా, మోహన" అనరు. రాగం గడుల్లో కొంతే ఉంటుంది, చాలామటుకు గడికీ గడికీ మధ్య ఉంటుంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఎలా జారాలి, ఎక్కడ ఊగాలి, ఎక్కడ నిలబడాలి అన్నది గమకం. తోడిలో గాంధారం ఒకచోట కుదురుగా కూర్చోదు, ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగడం తీసేస్తే తోడి పోతుంది.

సాంగ్ మేకర్‌లో మైకు బొత్తాం కూడా ఉందండోయ్. మీరు పాడితే అది విని గడి నింపుతుంది. ఆలోచన మంచిదే. కానీ మీరు ఊపి పాడినా, జారి పాడినా, మీ గొంతుని తీసుకెళ్ళి దగ్గర్లో ఉన్న గడిలోకి నెట్టేస్తుంది. దశాంశాలన్నీ కొట్టేసి పూర్ణాంకం చేసేయడం అన్నమాట. మా భాషలో దాన్ని రౌండింగ్ అంటాం. బ్యాంకు లెక్కల్లో ఇలా చేస్తే ఉద్యోగం ఊడుతుంది.

ఈ గొడవ కంప్యూటరుతో కొత్తగా వచ్చిందేమీ కాదు. హార్మోనియం మెట్ల మీద గమకాలు పలకవన్న ఆక్షేపణ పెద్దదై, 1940లో ఆల్ ఇండియా రేడియో దాన్ని బయటికి గెంటేసింది. మళ్ళీ లోపలికి రావడానికి 1971 దాకా పట్టింది. అయితే అదే హార్మోనియం మన పద్యనాటకాల్లో ఏం చేసిందో తెలిసినవాళ్ళెవరూ దాన్ని పనికిరాని పెట్టె అనలేరు. ఊరూరా తెల్లవార్లూ జనానికి రాగాలు పంచింది. కాకపోతే అక్కడ మెట్ల మధ్య ఖాళీని నింపడానికి నటుడి గొంతు ఉండేది. పెట్టె స్వరం అందించేది, మనిషి రాగం పాడేవాడు.

ఫిడేలు కూడా హార్మోనియంలాగా పడమటి దేశాల నుంచి వచ్చిందే. దానికి మెట్లు లేవు, వేలు ఎక్కడికైనా జారుతుంది. బాలుస్వామి దీక్షితులు 19వ శతాబ్దపు తొలినాళ్ళలో దాన్ని మన సంగీతంలోకి తెచ్చారంటారు. విజయనగరం సంగీత కళాశాలలో పాఠాలు చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కాలానికి అది పరాయి వాయిద్యమన్న సంగతే జనం మర్చిపోయారు. అంచేత "ఇది విదేశీ సరుకు, మనకి పడదు" అనడం నా ఉద్దేశం కాదు. సాఫ్టువేరు హార్మోనియంలాగా ఉండాలా, ఫిడేలులాగా ఉండాలా అన్నది రాసేవాడి చేతిలో ఉంది. కంప్యూటరుకి గడులు తప్పనిసరి కాదు.

"ఎక్కడ నొక్కాలి అంకుల్?"

గమకాలూ తోడీ పెద్దవాళ్ళ గొడవ, చిన్నపిల్లలకి అంత అవసరమా అంటారా? సరే, అది పక్కన పెడదాం. అసలు భయం వేరే ఉంది.

మా పక్క ఫ్లాటులో ఎనిమిదేళ్ళ పిల్ల ఉంది. ట్యాబులో పియానో పాఠాల యాప్ ఏదో ఏడాదిగా చేస్తోంది. చుక్కలు, పతకాలు బోలెడు వచ్చాయి. వేళ్ళు కూడా చురుగ్గానే కదులుతాయి. ఓ ఆదివారం మా ఇంటికొస్తే, ఫోనులో తంబురా పెట్టి "దీంతో కలిపి స అను తల్లీ" అన్నాను. ఆ పిల్ల ఫోను చేతిలోకి తీసుకుని తెరంతా వెతికింది.

"ఎక్కడ నొక్కాలి అంకుల్?" అంది.

నొక్కేదేం లేదమ్మా, నువ్వే అనాలి అంటే సిగ్గుపడింది. "నాకు పాడటం రాదు, వాయించడమే వచ్చు" అంది. నాకు నవ్వు రాలేదు. ఎనిమిదేళ్ళకే ఒక పిల్ల తనకి పాడటం రాదని తీర్మానించేసుకుంది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ వెక్కిరించలేదు. ఏడాదిపాటు పెట్టె తనకంటే శుభ్రంగా పలుకుతూ వచ్చింది, తన గొంతు అవసరం ఒక్కసారి కూడా పడలేదు. అంతే.

మర్నాటి నుంచి రోజూ అయిదు నిమిషాలు వచ్చి కూచోమన్నాను. మూడు రోజులు స కి కిందే ఎక్కడో తచ్చాడింది. నాలుగో రోజు కాస్త కాస్త పైకి జరుపుకుంటూ వచ్చి, ఉన్నట్టుండి తంబురాలో కలిసిపోయింది. గొంతు కలిసినప్పుడు ఒక రకమైన నిశ్శబ్దం వస్తుంది, పాడినవాళ్ళకి తెలుస్తుంది. ఆ పిల్లకీ తెలిసింది. చప్పట్లు కొట్టే బొమ్మ అక్కడ లేదు, అయినా కళ్ళు పెద్దవి చేసి చూసింది. చుక్కలిచ్చే యాప్ ఇవ్వలేనిది అదే.

శ్రుతి ఎవరిది?

మన పాఠం తంబురాతో మొదలవుతుంది. బెంగుళూరులో ఇంజనీరూ, వేణువు వాయించేవారూ అయిన జి. రాజ్ నారాయణ్ 1979లో ఎలక్ట్రానిక్ తంబురా తయారుచేశారు. నన్నడిగితే మన సంగీతానికి ఇంజనీర్లు చేసిన గొప్ప ఉపకారం అదే. అది ఏమీ నేర్పదు, మార్కులెయ్యదు. వెనక నిలబడి మోగుతుంటుంది, పాడటం మనకి వదిలేస్తుంది.

రెండోది, మన స ఎవరి గొంతుకి తగ్గట్టు వాళ్ళది. ఒక పిల్లకి అయిదు శ్రుతి, ఇంకో పిల్లకి అయిదున్నర, ఇంకో పిల్లాడికి ఆరు. పియానో యాప్‌లో మొదటి మెట్టు ఎక్కడుందో పిల్ల అక్కడికి రావాలి. మన పద్ధతిలో శ్రుతే పిల్ల దగ్గరికొస్తుంది.

మూడోది కాస్త లెక్క. స నుంచి పై స దాకా ఉన్న దూరాన్ని 1200 సెంట్లుగా పంచుతారు. పియానోలో పన్నెండు మెట్లూ సమానం కాబట్టి మెట్టుకి 100. దాని ప్రకారం అంతర గాంధారం 400 దగ్గర పడుతుంది. కానీ తంబురా తీగలోంచి దానంతటదే వినిపించే గాంధారం 5:4 నిష్పత్తిలో ఉంటుంది, అంటే సుమారు 386. తేడా 14 సెంట్లు, అంటే మెట్టులో ఏడో వంతు. పంచమం దగ్గర మాత్రం తేడా రెండే. తంబురా పక్కన పెట్టుకుని పాడే పిల్ల చెవి ఈ తేడాని పేరు తెలియకుండానే నేర్చుకుంటుంది. మెట్లే వినే పిల్లకి అసలు తేడా ఉందన్న సంగతే తెలీదు.

ముక్కలా, పదాలా?

పడమటివాళ్ళలో కూడా ఈ గడుల పద్ధతి మీద అనుమానపడినవాళ్ళు ఉన్నారు. ఎమ్మైటీలో జీన్ బాంబర్గర్ అనే ఆవిడ లోగో భాషతో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి పిల్లలతో పనిచేశారు. ఇంప్రాంప్టు అనే సాఫ్టువేరు, 2000లో దానికి తోడుగా ఒక పుస్తకం తెచ్చారు. ఆవిడ గమనించినదేంటంటే, పిల్లలు పాటని విడి స్వరాలుగా వినరు, చిన్న చిన్న పదాలుగా వింటారు. అంచేత ఆ సాఫ్టువేరులో పిల్లల చేతికి విడి స్వరాలు కాకుండా పాట ముక్కలు ఇస్తారు. వాటిని అటూ ఇటూ పేర్చుకుంటూ పాట కట్టుకోవాలి.

ఇది చదివినప్పుడు నాకు మన రాగాలే గుర్తొచ్చాయి. రాగాన్ని గుర్తుపట్టించేది దాని ప్రయోగాలు, సంచారాలు. ఆ ముక్కల్ని ఒక మంచి గాయని గొంతులో, గమకాలతో సహా రికార్డు చేసి పిల్లలకి పేర్చుకోవడానికిస్తే ఎలా ఉంటుంది? విని, పేర్చి, తర్వాత తామే పాడాలి. మన వైపు నుంచి చేసిన ప్రయత్నాలు లేకపోలేదు. ఎం. సుబ్రమణియన్ గారు రాసిన గాయక అనే ప్రోగ్రాంలో కర్ణాటక స్వరలిపి టైపు చేస్తే గమకాలతో వాయించి పెడుతుంది. షుగర్ ల్యాబ్స్ వాళ్ళ మ్యూజిక్ బ్లాక్స్‌లో స రి గ మ పేర్లు పెట్టుకోవచ్చు, మెట్ల దూరాలు కూడా మనమే నిర్ణయించుకోవచ్చు. అంటే దారి లేదని కాదు, నడిచేవాళ్ళు తక్కువ.

నేనైతే ఇలా రాస్తాను

ఒట్టి విమర్శ ఎవరైనా చేస్తారు. అంచేత నా జాబితా:

1. తెరవగానే తంబురా. పిల్లతో కాసేపు మాట్లాడించి, పాడించి, హాయిగా పలికే చోట స పెట్టాలి.

2. పిల్ల గొంతుని గడులుగా కాక గీతగా చూపించాలి. స్థాయి కనిపెట్టే పద్ధతులు పాతవే. 2002లో ప్రచురించిన యిన్ పద్ధతి ఇప్పటి మామూలు ఫోనులో సునాయాసంగా నడుస్తుంది. గీత ఊగితే ఊగనివ్వాలి.

3. మార్కులు వద్దు. ఊగే గాంధారానికీ, వణికే గాంధారానికీ తేడా చెప్పడం ప్రోగ్రాముకి చాలా కష్టం. తెలియని విషయంలో తీర్పు చెప్పే మాస్టారు ప్రమాదం. గురువుగారి గీత పక్కన పిల్ల గీత చూపించి ఊరుకోవాలి.

4. తాళం చేత్తోనే. ఇందులో తమాషా ఏంటంటే, ఆది తాళంలో ఎనిమిది అక్షరాలున్నా మైకుకి వినపడేవి మూడు దెబ్బలే: ఒకటి, అయిదు, ఏడు. వేళ్ళు లెక్కపెట్టడం, చెయ్యి తిప్పడం చప్పుడు చెయ్యవు కదా. ఆ ఖాళీల్ని ప్రోగ్రాం ఊహించుకోవాలి. రాసేవాళ్ళకి మంచి లెక్క, పిల్లలకి మంచి వ్యాయామం.

5. పిల్ల గొంతు ఫోను దాటి ఎక్కడికీ పోకూడదు.

6. పది నిమిషాలయ్యాక తనంతట తానే ఊరుకోవాలి.

చివరిదానికి పెట్టుబడి పెట్టేవాళ్ళు ఒప్పుకోరని నాకు తెలుసు :)

మాస్టారు దొరకని చోట

"నువ్వు చెప్పేది బానే ఉంది, మా ఊళ్ళో చెప్పేవాళ్ళెవరు?" అనే ప్రశ్న న్యాయమైనదే. డల్లాస్‌లో ఉన్న పిల్ల వీడియోలో విశాఖపట్నం టీచరుగారి దగ్గర నేర్చుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. కానీ ఆ క్లాసులో ఇద్దరూ కలిసి పాడలేరు. నిమిషానికి 60 దెబ్బల తాళంలో మూడో కాలం పాడితే స్వరానికి పావు సెకను పడుతుంది. అటూ ఇటూ కలిపి పావు సెకను ఆలస్యమైతే గురువు ఒక స్వరం మీద, శిష్యురాలు ఇంకో స్వరం మీద. అందుకే వంతులవారీగా పాడుకుంటారు. కలిసి పాడితే వచ్చే ధైర్యం అక్కడే పోతోంది. క్లాసుకీ క్లాసుకీ మధ్య గురువుగారి గొంతు, శ్రుతి, తాళం వినిపిస్తూ, పిల్ల గొంతు వింటూ ఉండే సాఫ్టువేరు అక్కడే కావాలి. గురువు ఉద్యోగానికి ఎసరు పెట్టక్కర్లేదు, తంబురా పట్టుకు కూచునే శిష్యుడి పని చేసిపెడితే చాలు.

అది వచ్చేలోపల ఏం చెయ్యాలంటారా? ఫోనులో ఉచితంగా దొరికే తంబురా ఒకటి పెట్టుకోండి. రోజూ అయిదు నిమిషాలు పిల్లతో కలిసి మీరు కూడా స అనండి. మీకు రాకపోయినా ఫరవాలేదు, అసలు రాకపోతేనే మంచిది, పిల్లకి భయం పోతుంది. ఆదివారాలు సాంగ్ మేకర్‌తో ఆడుకోనివ్వండి. గడుల్లో తను కట్టిన పాటని ఆఖర్న ఒక్కసారి నోటితో పాడించండి. పియానో యాప్ ఇప్పటికే కొని ఉంటే పారెయ్యక్కర్లేదు, ఇదే షరతు దానికీ పెట్టండి: వాయించినది పాడాలి.

మైకూ, స్పీకరూ ఒకే ఫోనులో ఉన్నాయి. ఇన్నాళ్ళూ స్పీకరు వైపే ప్రోగ్రాములు రాశాం. రెండో దానివైపు కూడా కాస్త చూద్దాం.